తీగ కట్టిన బోల్టు వదులవుతుందా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అన్నయ్య పాత కార్వెయిర్ కారు ఇంజనుతో సొంతంగా ఒక చిన్న విమానం తయారు చేసుకుంటున్నాడు. దానికి చెక్క ప్రొపెల్లర్. బోల్టులు తిరగకుండా తలలకు తీగ కట్టినా, పొడి వాతావరణం మొదలైతే ఆ తీగ తీసేసి, ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే టార్క్ రెంచితో బిగువు మళ్లీ చూడాల్సిందే అంటున్నాడు. తీగ ఉండగా బోల్టు ఎలా వదులవుతుంది? ఇంకాస్త లావు బోల్టులు వేస్తే సరిపోదా?
– మెకానికల్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీ అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. 1929లో ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజనుతో విమానం ఎగరేసిన మిన్నెసోటా వాసి బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1960లలో కార్వెయిర్ ఇంజనును తన విమానానికి అమర్చినప్పటి నుంచి, దీన్ని చెక్క ప్రొపెల్లర్‌తో వాడేవారు ఈ జాగ్రత్త పాటించవలసి వస్తోంది. ఆరు సిలిండర్ల ఈ ఇంజను ఒక్కో చుట్టుకు మూడు కుదుపులిస్తుంది. నిమిషానికి 3000 చుట్ల వేగంతో తిరిగితే గంటకు 5,40,000 కుదుపులు, అంటే 19 గంటలలోపే కోటి. ఇదంతా ఇంజను తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ కొసన ఉన్న ప్రొపెల్లర్ బోల్టుల మీదుగా సాగుతుంది.

అయితే సరిగా బిగించిన బోల్టుకు ఈ కుదుపులు దాదాపు తెలియవు. బోల్టు సాగి, స్ప్రింగులా చెక్కను ఆ ఇరుసు కొసనున్న ఇనుప పళ్లేనికి, అంటే ఫ్లాంజికి అదిమి పట్టినంత కాలం ప్రొపెల్లర్‌ను తిప్పేది ఆ రెండు ముఖాల మధ్య ఉన్న రాపిడే కాని బోల్టు ఒళ్లు కాదు. చిక్కంతా చెక్కతోనే వస్తుంది. పది సెంటీమీటర్ల మందమున్న చెక్కలో తేమ రెండు మూడు శాతం తగ్గితే అది సుమారు అర మిల్లీమీటరు కుంచించుకుంటుంది. 150 మిల్లీమీటర్ల ఉక్కు బోల్టును చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల చొప్పున లాగినా సాగేది 0.15 మిల్లీమీటరే కాబట్టి, తల వెంట్రుకవాసి కూడా తిరగకుండానే బిగువంతా పోగలదు. తీగ తలను తిరగనివ్వదు, అంతే. బిగువును కాపాడడం దానికి చేతకాని పని.

బిగువు పోయాక ఫ్లాంజి మీద చెక్క అటూ ఇటూ జరుగుతుంది, ప్రతి కుదుపుకూ బోల్టు వంగి లేస్తుంది. పగులు సాధారణంగా తల కింది మలుపు దగ్గరో, పట్టు మొదలయ్యే మొదటి మరచుట్టు దగ్గరో పుడుతుంది. విరిగిన ముఖాన్ని భూతద్దంతో చూస్తే పగులు మెల్లగా పాకిన మేర నున్నగా, చెట్టు వలయాల వంటి గీతలతోను, చివరికి ఒక్కసారిగా తెగిన మేర గరుకుగాను కనిపిస్తాయి.

లావు బోల్టు నాకు నచ్చని ఉపాయం. అంతే బలంతో బిగిస్తే లావుది సన్నదానికంటే తక్కువ సాగుతుంది, కనుక చెక్క కొద్దిగా కుంచించుకున్నా అది త్వరగా వదులవుతుంది. పైగా గట్టిది కావడం వల్ల కంపనంలో ఎక్కువ వాటా తన మీదికి లాక్కుంటుంది. రెంచి చూపే అంకెను కూడా గుడ్డిగా నమ్మవద్దని అన్నయ్యకు చెప్పండి. తిప్పే శ్రమలో సుమారు పదో వంతే బిగువుగా మారుతుంది, మిగతాది తల కింద, మరల మధ్య రాపిడికే పోతుంది. అందుకే పొడి మరలకు చెప్పిన అంకెను నూనె రాసిన మరలకు వాడితే బోల్టు అతిగా సాగుతుంది, చెక్క నలుగుతుంది.

ప్రొపెల్లర్ విప్పినప్పుడు ఫ్లాంజికి ఆనిన చెక్క ముఖాన్ని తప్పక చూడమనండి. అక్కడ నల్లగా కమిలిన మచ్చలుంటే చెక్క జారిందన్నమాట. అప్పుడు బోల్టులు పైకి ఎంత బాగున్నా అన్నిటినీ ఒకేసారి మార్చాలి.