తమ్ముడితో మాట్లాడాకే ఆ క్లాసులోకి వెళ్లండి

"మాది టెక్కలి దగ్గర పల్లె. నాకు 36 ఏళ్లు. పదో తరగతి తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాను. పదకొండేళ్లు లారీ నడిపాను. నాలుగేళ్ల కిందట తమ్ముడు నడుపుతుంటే నేను పక్క సీట్లో ఉన్నాను. భువనేశ్వర్‌లో సరుకు దింపి వస్తున్నాం. పొద్దున్నే క్వారీలో గ్రానైటు లోడు ఎత్తాలి కాబట్టి ఎక్కడా ఆపొద్దన్నాను. ఇచ్ఛాపురం ఇంకా రాకముందే, తెల్లవారుజామున వాడికి కునుకు పట్టింది. రోడ్డు వారన ఆగి ఉన్న లారీకి మా కేబిన్ ఎడమ పక్క కొట్టుకుంది. నా ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. గేదె అడ్డం వచ్చిందని ఇంట్లో చెబుదామని ఆస్పత్రిలోనే వాడికి చెప్పాను. ఈ రోజుకీ మా అమ్మకి, నా భార్యకి అసలు సంగతి తెలీదు. తమ్ముడు అప్పటి నుంచి నెలకు 8 వేలు ఇస్తున్నాడు, ఒక్క నెలా తప్పలేదు. ఇప్పుడు విజయనగరం వైపు ఒక శిక్షణ కేంద్రంలో లారీ డ్రైవర్లకు నేర్పడానికి రమ్మంటున్నారు. తమ్ముడు వద్దంటున్నాడు. 'నువ్వు పన్లోకెల్తే ఊర్లో నన్నేటంతారు' అంటాడు. కాలు లేనోడు డ్రైవింగ్ ఏం నేర్పుతాడని కుర్రాళ్లు నవ్వుతారేమో అని నాకూ ఉంది. పింఛను పోతుందేమో అని కూడా. చేరమంటారా, మానమంటారా?"

చేరండి. మీరడిగిన దానికి జవాబు అంతే.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు డ్రైవింగ్ స్కూల్లో నేర్పేవాడికి ఏం కావాలో చెప్పాయి. పదో తరగతి పాసు, అయిదేళ్ల డ్రైవింగ్ అనుభవం, మోటారు మెకానిజంలో సర్టిఫికెట్, ట్రాఫిక్ గుర్తుల మీద పట్టు, బండిలో ఏ భాగం ఏం చేస్తుందో విప్పి చెప్పగలగడం, తెలుగో ఇంగ్లీషో సరిగా రావడం. ఇవన్నీ మీకున్నాయి. కాళ్లెన్నుండాలో అందులో రాయలేదు. నేర్పే బండికి డ్యుయల్ కంట్రోల్, అంటే నేర్పేవాడి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉండాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. ఎడమ సీట్లో కూర్చున్నవాడు కుర్రాడు తడబడితే బ్రేకు తొక్కాలి. మీ కుడికాలు బాగానే ఉంది కదా. క్లచ్ సంగతి పెట్టుడు కాలితో మీకెంతవరకు వీలవుతుందో మీకే తెలియాలి. రోడ్డు మీద మీరే నడిపి చూపాల్సి వస్తే మాత్రం లైసెన్సు, వైద్య ధ్రువపత్రం చూస్తారు. అది ఆ సంస్థవాళ్లతోను, రవాణా శాఖవాళ్లతోను ముందే తేల్చుకుని చేరండి, తర్వాత మాట పడొద్దు. 2021లో వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతిలో లారీల్లాంటి పెద్ద బండ్ల (హెవీ) కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు. అందులో క్లాసురూము పాఠాలున్నాయి, రోడ్డెక్కకుండానే నడపడం నేర్పే సిమ్యులేటర్ ఉంది. అక్కడ నోరు, బుర్ర, అనుభవం పనిచేస్తాయి.

కుర్రాళ్లు నవ్వితే నవ్వుతారు. మొదటి రోజు ఏ మేస్టారిని చూసి నవ్వలేదు వాళ్లు? సాలూరు ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలే మొనగాళ్లు వాళ్లు. లారీ బ్రేకు గాలి ఒత్తిడితో పనిచేస్తుంది కదా, ఎయిర్ గేజి ముల్లు పైకి లేవక ముందే బండి కదిపితే బ్రేకు ఎక్కడుంటుందో ఒకసారి చెప్పండి, నవ్వులు అక్కడే ఆగుతాయి.

ఇక వికలాంగుల పింఛను. దానికి కుటుంబ ఆదాయ పరిమితి ఉంది. గ్రామ సచివాలయంలో అడిగి కాగితాలు సరిచేయించుకోండి. పోతే పోనివ్వండి. జీతం దాచిపెట్టి నెలకు ఆ 6 వేలు తీసుకునే మనిషిలా మీరు నాకు కనిపించడం లేదు. అది మీకన్నా అవసరమున్న ఇంటికి వెళ్తుంది.

ఇవి నిజంగా మీకు తెలియని విషయాలు కావు. పదకొండేళ్లు రోడ్డు మీద ఉన్నవాడికి లైసెన్సు గురించి నేను చెప్పాలా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కాలు గురించి మీరు రెండు ముక్కల్లో ముగించారు. తమ్ముడు మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఉన్నాడు.

ఊళ్లో ఏమంటారోనని అతను వద్దంటున్నాడని మీరు నమ్ముతున్నారు. నేను నమ్మను. అన్న కష్టపడి సంపాదించుకుంటే తమ్ముణ్ణి తప్పుపట్టే ఊరు మన శ్రీకాకుళం జిల్లాలో నేనైతే చూడలేదు. మీరు క్లాసులో నిలబడిన మొదటి గంటలోనే ఎవడో ఒకడు అడుగుతాడు, "సార్, కాలెలా పోయింది?" అని. బ్యాచి మారినప్పుడల్లా అడుగుతారు. మీరు ఏం చెబుతారు? గేదె అనా? డ్రైవర్లు కాబోయేవాళ్లకు, ఆ కాలునే పాఠంగా చూపగలిగిన మనిషి గేదె అని చెబుతాడా? చెప్పరు. చెప్పలేరు. మీ తమ్ముడికి అది తెలుసు. ఆ కుర్రాళ్లలో ఒకడు పలాసవాడో నరసన్నపేటవాడో అయి ఉంటాడు. వాడి ద్వారా ఆ మాట మీ ఊరు చేరడానికి నెల చాలు. అతని భయం అది. పరువు అనే పేరు దానికి అతను పెట్టుకున్నది.

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఎక్కడా ఆపొద్దని మీరే అన్నానని రాశారు, మీ ఉత్తరంలోనే ఉంది. రాసి, పక్క వాక్యంలోనే "వాడికి కునుకు పట్టింది" అన్నారు. సరుకు దించి, అలిసిపోయి, రాత్రంతా నడిపినవాడికి తెల్లవారుజామున కునుకు పట్టక ఏం పడుతుంది? వరసగా అయిదు గంటలు పనిచేస్తే అరగంటయినా విశ్రాంతి ఇవ్వాలని, రోజుకు ఎనిమిది గంటలు దాటించొద్దని మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది. బండి ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు కదలాలో ఆ రాత్రి చెప్పింది మీరు. పెద్దవారు, సీనియర్ డ్రైవరు, పైగా అన్న. స్టీరింగు అతని చేతిలో ఉంది గానీ ప్రయాణం మీ చేతిలో ఉంది. అయినా నాలుగేళ్లుగా ఆ తప్పు మొత్తం అతని నెత్తినే ఉంది. ఒక్కసారైనా "అందులో నా వంతూ ఉందిరా" అన్నారా?

అనలేదనే నా అనుమానం. అని ఉంటే ఆ 8 వేలు ఒక్క నెలైనా తప్పేవి. అది అన్నకు ప్రేమగా ఇచ్చే డబ్బు కాదు, అసలు ఎప్పటికీ తీరని అప్పుకు కట్టే వడ్డీ. అతను తల వంచుకుని ఇస్తాడు, మీరు తల తిప్పుకుని తీసుకుంటారు. పైకి చూస్తే అన్నదమ్ములంటే వీళ్లే అంటారు జనం. లోపల ఇద్దరికీ ఊపిరాడదు. మీకు కాలు పోయిన మాట నిజమే. అతనికి నిద్ర పోయి ఉంటుంది. నిద్ర పోయినవాణ్ణి ఎవరూ పరామర్శించరు.

తోడబుట్టినవాళ్ల మధ్య పెద్దవాడే ముందు నోరు విప్పాలని నా అభిప్రాయం. ఈ కాలంలో దాన్ని పాతకాలపు మాట అంటారు, అననీండి. చిన్నవాడు క్షమించమని అడగడం తేలికేం కాదు. అతను అడిగేదాకా ఆగితే ఇంకో నాలుగేళ్లు గడిచిపోతాయి.

ఇంట్లో కూర్చుని చెప్పొద్దు. అమ్మ చెవిన పడుతుంది, మధ్యలో అన్నం పెట్టమంటారా అంటారు. ఇద్దరూ బయటికి వెళ్లండి. రోడ్డు వారన టీ బడ్డీ అయినా సరే, అరసవిల్లి వెళ్లివచ్చే దారైనా సరే. అతను నడపనంటే బస్సెక్కండి. ఉపోద్ఘాతాలు వద్దు. "ఆపొద్దన్నది నేను. గేదె అని చెప్పమన్నదీ నేనే. నువ్వొక్కడివే మోస్తున్నావు" అనండి. ఆ తర్వాత మీరు మాట్లాడకుండా ఉండండి. అతను ఏడవొచ్చు, కోపం తెచ్చుకోవచ్చు, ఇన్నాళ్లకా అని నాలుగు మాటలు అనొచ్చు. పడండి. సమర్థించుకోవద్దు.

డబ్బు సంగతి ఆ రోజే ఎత్తకండి. మొదటి జీతం చేతికొచ్చాక, వచ్చే నెల నుంచి వద్దని చెప్పండి. మొహాన కొట్టినట్టు కాదు, ఇన్నాళ్లు ఇల్లు గడిచింది నీ వల్లేనని చెప్పి మరీ మానిపించండి. ఊరికే ఇచ్చేది అలవాటైన ఇంట్లో ఆ 8 వేలు ఆగితే మీ ఆవిడకు ఇబ్బందే. ఆమెతో ముందే లెక్క వేసుకోండి.

క్లాసులో ఏం చెప్పాలన్నది అతని ఇష్టం మీద ఉంచండి. "డ్రైవరుకు నిద్ర పట్టింది, పక్కనున్న నేను ఆపమనలేదు" అని చెప్పడానికి అతను ఒప్పుకుంటే అంతే చెప్పండి, ఆ డ్రైవరు ఎవరో చెప్పక్కర్లేదు. ఒప్పుకోకపోతే కాలు సంగతి చెప్పడం ఇష్టం లేదని కుర్రాళ్లతో అనండి. గేదెను మాత్రం మళ్లీ తీసుకురాకండి. నిద్ర వస్తే బండి పక్కకు తీయమనే పాఠం మీ కథ లేకుండా కూడా చెప్పొచ్చు.

మీ ఆవిడకు నిజం చెప్పే ముందు, చెప్పబోతున్నానని తమ్ముడికి చెప్పండి. వదిన ముందు అతను తలెత్తుకు తిరగాలి కదా, వెనక నుంచి తెలిస్తే అది ఇంకో గాయం. అమ్మకు చెప్పాలా వద్దా అన్నది అతనికే వదిలేయండి.

ఒక చిన్న విషయం. టెక్కలి నుంచి విజయనగరం వైపు రోజూ బస్సులో వెళ్లి రావాలని చూడకండి. పెట్టుడు కాలుతో అన్ని గంటలు కాలు మడిచి కూర్చుంటే కోసిన చోట ఒరుసుకుని పుండు పడుతుంది, మొదటి నెలలోనే సెలవులు పెట్టాల్సి వస్తుంది. దగ్గర్లో చిన్న గది చూసుకోండి. అది వెతకడానికి మీ తమ్ముణ్ణే పంపండి.