సర్వర్ తీసుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి సొంతంగా హోస్టింగ్ మొదలుపెడుతున్నావని, కాకినాడలో ముప్పై దుకాణాల వెబ్‌సైట్లను ఒకే డెబియన్ లినక్స్ సర్వర్ మీద పెడతావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్‌లో చెప్పారు. నెల జీతం పోతుందని ఆయన బెంగ. నాకైతే ముందు గర్వంగా అనిపించింది. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పడానికే తెల్లవారకుండా లేచి ఇది రాస్తున్నాను.

బ్యాకప్ గురించి నీకు చెప్పనక్కర్లేదు. తీసిన బ్యాకప్‌ను వేరేచోట నిలబెట్టి కూడా చూడు, అంతే. ఏ ప్యాకేజీ జోలికి వెళ్లినా, ముందు ప్రోగ్రాములను వేసే, తీసే ఆప్ట్-గెట్‌కు మైనస్ ఎస్ తగిలించి ఉత్తుత్తిగా నడిపించు. ఏది వస్తుందో, ఏది పోతుందో చూపించి ఊరుకుంటుంది. అది అడిగే ప్రతిదానికీ ముందే అవునంటూ మైనస్ వై కొట్టే అలవాటు నీకుందని సంక్రాంతికి వచ్చినప్పుడే చూశాను. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద నీ ఇష్టం, పరుల దుకాణాల మీద ఆ పని చేస్తే మాత్రం చెవి మెలిపెడతాను.

ప్యాకేజీల జాబితా చూపే డీపీకేజీ మైనస్ ఎల్ కొడితే ప్రతి వరుస మొదట్లో రెండు అక్షరాలు కనిపిస్తాయి కదా. చాలామంది వాటిని దాటి ప్యాకేజీ పేరు దగ్గరికి వెళ్లిపోతారు. ముందు చదవాల్సింది ఆ రెండు అక్షరాలనే. మొదటిది నువ్వు కోరినది, రెండోది నిజంగా ఉన్నది. ఐఐ అంటే ఉండమన్నావు, ఉంది. ఆర్‌సీ అంటే ప్యాకేజీని తీసేశావు, దాని కాన్ఫిగరేషన్ ఫైళ్లు మిగిలాయి. అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేసి బీరువా వదిలి వెళ్లినట్టు. అది చూడగానే పర్జ్ చేసేయాలని, అంటే ఆ మిగిలినవీ తుడిచేయాలని, చేయి దురద పెడుతుంది. డేటాబేసులు నడిపే మరియాడీబీ సర్వర్‌ను పర్జ్ చేసేటప్పుడు డేటాబేసులు కూడా తుడిచేయమంటావా అని అడుగుతుంది. ఆ ప్రశ్నను రెండుసార్లు చదువు. ఐయూ, ఐఎఫ్ కనిపిస్తే పని సగంలో ఆగిందని అర్థం. ముందు దాన్ని డీపీకేజీ కాన్ఫిగర్‌తో పూర్తిచేశాకే కొత్త పని మొదలుపెట్టు.

ఇక హెచ్‌ఐ. ప్యాకేజీ ఉంది, కానీ కొత్త వెర్షన్‌కు కదలకుండా హోల్డ్‌లో పెట్టావు అని అర్థం. నా నిద్ర చెడగొట్టింది ఇదే.

2014 మాఘమాసంలో నీ ఓణీల వేడుక జరిగింది. ఓణీ తేవాల్సినవాణ్ని నేనే. అప్పుడు హైదరాబాద్‌లో ఒక చిన్న హోస్టింగ్ సంస్థలో తొమ్మిది సర్వర్లు చూసేవాణ్ని. రైలుకు ఇంకా మూడు గంటలుందనగా ఒక బట్టల దుకాణం వెబ్‌సైట్ ఆగిపోయింది. అంతకుముందే, సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య మాటలను గుట్టుగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ ప్యాకేజీ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ అప్‌డేట్ చేశాను, అది వాళ్ల పాత ప్రోగ్రాముకు పడలేదు. తీరిగ్గా కారణం వెతికే సమయం లేదు. పాత వెర్షన్ తిరిగి వేసి, ఆప్ట్-మార్క్ హోల్డ్ కొట్టాను. రెండు రోజుల్లో తిరిగొచ్చి తీసేద్దామనుకున్నాను. వచ్చాక గుర్తులేదు. గుర్తుచేసేవాళ్లూ లేరు, ఎందుకంటే హోల్డ్ ఎప్పుడు పెట్టావో, ఎందుకు పెట్టావో ఆప్ట్ ఎక్కడా రాసుకోదు.

ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ బయటపడింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా అన్నిటిలో అదే లోపం: బయటివాడు ఒక అబద్ధపు సందేశం పంపితే, సర్వర్ తన మెమొరీలోంచి 64 కిలోబైట్ల దాకా తీసి చేతిలో పెడుతుంది. అందులో పాస్‌వర్డులు ఉండవచ్చు, సర్టిఫికెట్ రహస్య కీ కూడా ఉండవచ్చు. మర్నాడు తొమ్మిది సర్వర్లలోనూ అప్‌గ్రేడ్ నడిపాను. ఒకదానిలో మాత్రం, ఈ ప్యాకేజీలను కదిలించలేదు అని ఒక వరుస వచ్చింది. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా కనిపించే వరుసే కదా అని దాటేశాను. అన్నీ అయిపోయాయండీ అని మా మేనేజరుకు చెప్పి భోజనానికి వెళ్లాను.

ఆరో రోజు బట్టల దుకాణం యజమానే ఫోన్ చేశారు. ఆయన మేనల్లుడు ఎవరో పరీక్షించి చూశాడట, వాళ్ల సైట్‌లో ఆ లోపం ఇంకా ఉందట. నేను నమ్మక, డీపీకేజీ తన లెక్కలు రాసుకునే స్టేటస్ ఫైలు తెరిచాను. ప్యాకేజీ పేరు కింద వరుసలో ఉన్నవి మూడే మాటలు: హోల్డ్ ఓకే ఇన్‌స్టాల్డ్. మధ్యలో ఆ ‘ఓకే’ చూడు. ఆ వరుసలో తప్పేమీ లేదని దాని అర్థం, సర్వర్ బాగుందని కాదు.

హోల్డ్ తీసి అప్‌గ్రేడ్ చేశాను. అయినా పరీక్షలో ఎర్రగానే వచ్చింది. డిస్కు మీద లైబ్రరీ మారినా, నడుస్తున్న అపాచీ, అంటే సైట్లను చూపే ప్రోగ్రాము, మెమొరీలో పాతదే ఉంటుందని కంగారులో తట్టలేదు. రీస్టార్ట్ చేశాకే పచ్చబడింది. పైగా డెబియన్ లోపాన్ని సరిచేసినా పాత అంకెనే ఉంచుతుంది, వెనుక తోక మాత్రమే మారుతుంది, కాబట్టి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ అడిగితే ముందూ తరువాతా ఒకటే జవాబు. ఆ రాత్రంతా కొత్త కీలు తయారుచేసి, పాత సర్టిఫికెట్లు రద్దు చేయించాను. పొద్దున్నే ఆ పెద్దాయన అడిగారు, “మా ఖాతాదారుల వివరాలు పోయాయా బాబూ?” అని. ఆ దాడి మామూలు లాగ్‌లలో జాడ వదలదు. పోలేదని చెప్పలేకపోయాను. ఆయన ఒక్క మాట కూడా అనకుండా ఫోన్ పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

హోల్డ్ అసలు వాడవద్దని అనను. పీహెచ్‌పీ వెర్షన్ మారితే పగిలిపోయే పాత సైట్లు నీకూ వస్తాయి. హోల్డ్ పెట్టిన క్షణమే రూట్ హోమ్‌లో ఒక ఫైలు తెరిచి ప్యాకేజీ పేరు, తేదీ, కారణం, ఎప్పుడు తీయాలో రాయి. వారానికోసారి, హోల్డ్‌లో ఉన్నవాటి పేర్లు చూపే ఆప్ట్-మార్క్ షోహోల్డ్ జవాబు నీ మెయిల్‌కు వచ్చేలా క్రాన్, అంటే వేళకు తనంతట తానే నడిచే పని, పెట్టు. ఆ ఫైలులో లేని పేరు మెయిల్‌లో కనిపిస్తే ఆ రోజు మరో పని ముట్టకు. ఇంట్లో పెళ్లి ఉందని, రైలు వేళయిందని అనకు. అటువంటి రోజునే కదా నేను పెట్టింది.

నీ పెట్టుబడికి కొంత సర్దగలను, మీ నాన్నతో ఇప్పుడే అనకు. మొదటి శనివారం ఫోన్ చేసి షోహోల్డ్ ఏమి చూపిందో చదివి వినిపించు. ఖాళీగా వస్తే ఖాళీ అనే చెప్పు.

మీ అత్తయ్య ఇప్పుడే లేచి, ఆ రోజు తెచ్చిన ఓణీ ఏ రంగని అడిగింది. ఎంత ఆలోచించినా తట్టడం లేదు. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ మాత్రం 1.0.1ఇ. మీ అమ్మ పెట్టెలో ఓణీ ఉంటే చూసి చెప్పు.

మామయ్య