పిల్లల మానసిక వైద్యం: మందుకు ఎవరి సమ్మతి కావాలి?

ప్రశ్న: మా బాబుకు 15 ఏళ్లు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ ఫస్టియర్ చదువుతున్నాడు. చదువు మీద ధ్యాస నిలవడం లేదని వార్డెన్ డాక్టరుకు చూపించి మిథైల్‌ఫెనిడేట్ అనే, ధ్యాస నిలవడానికి ఇచ్చే మందు మొదలుపెట్టించారు. మాకు పది రోజుల తర్వాత తెలిసింది. అడిగితే ‘చేరేటప్పుడు వైద్యానికి సంతకం పెట్టారుగా’ అంటున్నారు. బాబు సరిగా తినడం లేదు. మందు ఆపేయవచ్చా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఆ సంతకం ఈ మందుకు సరిపోదమ్మా. 18 ఏళ్లు నిండేదాకా పిల్లల తరఫున సమ్మతి చెప్పాల్సింది తల్లిదండ్రులే. హాస్టల్లో చేర్చినంత మాత్రాన వార్డెన్ చట్టబద్ధ సంరక్షకులు అయిపోరు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సమ్మతి అంటే ఏమిటో స్పష్టంగా చెప్పింది: ఫలానా చికిత్సకని ఉండాలి, ఒత్తిడి గానీ మోసం గానీ ఉండకూడదు, లాభనష్టాలు, వేరే మార్గాలు మీకు అర్థమయ్యే భాషలో ముందే చెప్పాలి. మందు పేరైనా తెలియకముందు, చేరేటప్పుడు పెట్టిన సంతకంలో ఇవేవీ లేవు. ప్రాణాపాయం లాంటి అత్యవసరంలో 72 గంటల వరకు వెసులుబాటు ఉంది. అప్పుడు కూడా సంరక్షకులు అందుబాటులో ఉంటే అడిగే తీరాలి. చదువులో వెనకబడటం అత్యవసరం కాదు.

మందు సంగతి మాత్రం మీరే తేల్చేయకండి, రాసిన డాక్టరుతో ఈరోజే మాట్లాడండి. ఆకలి తగ్గడం, నిద్ర పట్టకపోవడం దీనితో తరచూ కనిపించేవే. ఉదయం టిఫిన్ తిన్నాక వేస్తే కొంత నయం, సాయంత్రం వేస్తే నిద్ర చెడుతుంది. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం ఉంటే తర్వాతి మోతాదు వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొదలుపెట్టే ముందు ఎత్తు, బరువు, బీపీ, నాడి చూశారా, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని అడిగారా? మీరు లేకుండా ఆ కుటుంబ చరిత్ర చెప్పగలిగేదెవరు?

అంతకంటే పెద్ద ప్రశ్న రోగనిర్ధారణది. ఏడీహెచ్‌డీ (ధ్యాస, కుదురు నిలవని సమస్య; ఈ మందు ఇచ్చేది ప్రధానంగా దీనికే) అనాలంటే లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కనిపించి ఉండాలి. హాస్టల్లో చేరాకే ధ్యాస తగ్గిందంటే ముందు నిద్ర, దిగులు, భయం గురించి ఆరా తీయాలి. ఈ మందు షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే కట్టుదిట్టంగా అమ్మాల్సిన మందుల జాబితాలో ఉంది. చీటీ రెండు ప్రతుల్లో రాయాలి, షాపువాళ్లు ఒకటి రెండేళ్లు దాచాలి. మీ ప్రతిని హాస్టల్ నుంచి తీసుకోండి, ఇకపై మీ లిఖిత సమ్మతి లేకుండా మానసిక వైద్యం చేయించవద్దని ప్రిన్సిపాల్‌కు రాసిచ్చి రసీదు ఉంచుకోండి.

ప్రశ్న: మా అమ్మాయికి 16. అడ్మిట్ చేయాలంటున్నారు, తను ఒప్పుకోవడం లేదు. ఆమె తండ్రి మాతో ఉండరు, పట్టించుకోరు. నా సంతకం చాలా?
– విజయవాడ పాఠకురాలు

జవాబు: తండ్రి సంతకం లేకపోయినా మీది చాలు. మైనర్లకు సంరక్షకులెవరో చెప్పే హిందూ మైనారిటీ చట్టం తండ్రి తర్వాతే తల్లి అంటుంది గానీ, తండ్రి బాధ్యత పట్టించుకోనప్పుడు ఆయన బతికుండగానే తల్లి సంరక్షకురాలు కావచ్చని 1999లో సుప్రీంకోర్టు గీతా హరిహరన్ కేసులో తేల్చింది. అయితే అడ్మిట్ చేయడానికి సంతకంతోపాటు మరికొన్ని షరతులున్నాయి. ఇద్దరు నిపుణులు, వారిలో ఒకరైనా సైకియాట్రిస్ట్, విడివిడిగా పరీక్షించాలి. బయట ఉంచి చేసే వైద్యం కుదరదని ఇద్దరూ తేల్చాలి. పాప ఎందుకు వద్దంటోందో వినడం కూడా మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని షరతే. పెద్దల వార్డులో ఉంచకూడదు, మీరో మీరు పెట్టిన మనిషో అంతసేపూ వెంట ఉండాలి. అడ్మిట్ చేసిన సంగతి 72 గంటల్లో ఆసుపత్రివాళ్లు మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు (ఈ చట్టం కింద ఏర్పడిన పర్యవేక్షణ మండలి) తెలపాలి. మీరు డిశ్చార్జి అడిగితే పంపాల్సిందే. కరెంటు చికిత్సకు (ఈసీటీ, అంటే షాక్ ట్రీట్‌మెంట్) మాత్రం మీ సమ్మతితోపాటు బోర్డు ముందస్తు అనుమతీ కావాలి. రాత్రివేళ సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.