పోకర్ వీడియోల కోసం ఎనిమిది సవర్లు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కావలి ట్రంకు రోడ్డులో ఫొటో స్టూడియో ఉంది, పెళ్లి వీడియోలు తీస్తాను. సీజన్‌లో నెలకు 80 వేలు దాటి వస్తాయి, ముహూర్తాలు లేకపోతే 10 వేలు కూడా కష్టం. ఏడాది సగటు 45 వేలు. ఇంటి ఖర్చు, స్టూడియో అద్దె కలిపి 34 వేలు. బ్యాంకులో 60 వేలున్నాయి. నాన్నగారికి షుగర్. మా బావమరిది గోవాలో ఒక కేసినోలో పనిచేస్తాడు. అక్కడ జరిగే పోకర్ అనే పేకాట టోర్నమెంటును మొదటి నుంచి చివరిదాకా, అన్ని టేబుళ్లూ, ఎడిటింగ్ లేకుండా తీసి, ఆట నేర్చుకునేవాళ్లకు ఆన్‌లైన్‌లో 299 రూపాయలకు అమ్ముదామంటున్నాడు. టీవీలో కోసి చూపిస్తారు కాబట్టి పూర్తి వీడియోకు గిరాకీ ఉంటుందట. తొమ్మిది కెమెరాలు, నిర్వాహకులకు ఇచ్చేది, అన్నీ కలిపి 7 లక్షలు కావాలి. మా ఆవిడ ఎనిమిది సవర్లు పెడితే 4 లక్షలు వస్తాయి. మిగతా 3 లక్షలు తెలిసినాయన ప్రోనోటు మీద నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. 20 వేలు అడ్వాన్సు పంపాను. లాభం ఉంటుందా? అడ్వాన్సు తిరిగొస్తుందా?

జవాబు: లాభం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు రాసిన అంకెలే కూడండి. బంగారం మీద 4 లక్షలకు ఏడాదికి నూటికి 12 అనుకున్నా నెలకు 4 వేలు. ప్రోనోటు మీద 9 వేలు. మొత్తం 13 వేలు వడ్డీ. మీ ఖర్చు 34 వేలు. రెండూ కలిపితే 47 వేలు, సగటు రాబడి 45 వేలు. అంటే గోవాలో కెమెరా ఆన్ చెయ్యకముందే నెలకు 2 వేలు లోటు. ఆ వడ్డీకే నెలనెలా 44 మంది కొత్తగా కొనాలి. అసలు కూడా రెండేళ్లలో తీర్చాలంటే నెలకు 141 మంది. మీకిప్పుడు అలాంటి కొనుగోలుదారు ఒక్కరైనా తెలుసా? ఉత్తరమంతా వెతికాను, కనపడలేదు.

నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ‘తెలిసినాయన’ కాబట్టి అది చిన్న వడ్డీ అయిపోదు. తెలిసినాయన దగ్గర తీసుకున్న అప్పుకు అదనంగా ఒక బెడద ఉంటుంది, పెళ్లిళ్లలో ఎదురుపడతాడు. మీ పనే పెళ్లిళ్లలో కదా.

ఇక వ్యాపారం. మీ బావమరిది మాటలో సగం నిజముంది. టీవీ పోకర్‌లో ఉన్నదంతా పెట్టేసి తాడోపేడో తేల్చుకునే ఆటలే ఎక్కువ కనిపిస్తాయి. నిజం టేబుల్ మీద గంటకు పాతిక, ముప్పై ఆటలు జరుగుతాయి. బాగా ఆడేవాడు అందులో చాలావరకు ముక్కలు పడేసి ఊరికే కూర్చుంటాడు. ఆ ఊరికే కూర్చోవడమే అసలు విద్య, కోసిన వీడియోలో అది కనపడదు. కాబట్టి పూర్తి వీడియోతో నేర్చుకోవచ్చన్న మాట తప్పు కాదు. కానీ అలా నేర్చుకునేవాడికి ఆటగాడి చేతిలో ఏ ముక్కలున్నాయో తెలియాలి. పోకర్‌కు టీవీలో పట్టు దొరికిందే ఆ ముక్కలు చూపించే కెమెరాతో. 1999లో బ్రిటన్ టీవీలో అద్దం టేబుల్ కింద కెమెరా పెట్టి మొదలుపెట్టారు. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు 86 డాలర్ల ఆన్‌లైన్ ఆటతో లాస్ వేగస్ ప్రపంచ పోటీకి వెళ్లి 25 లక్షల డాలర్లు గెలవడం జనం టీవీలో చూశారు. ఆ ఏడాది ఆ పోటీలో 839 మంది ఆడితే 2024లో 10,112 మంది ఆడారు. అంత పెద్ద పోటీలో కూడా ముక్కలు చదివే ఏర్పాటు కొన్ని టేబుళ్లకే ఉంటుంది, ప్రసారాన్ని కూడా ఆలస్యంగానే వదులుతారు, లేకపోతే బయటివాడు ఆటగాడికి ముక్కలు చెప్పేస్తాడని. మీ తొమ్మిది కెమెరాలకు కనపడేది ముక్కల వీపులు, ఆటగాళ్ల టోపీలు. తొమ్మిది టేబుళ్లు, పది గంటలు అనుకుంటే మొదటి రోజే 90 గంటలు, మామూలు నాణ్యతలో 300 జీబీ పైనే. అది 299 పెట్టి కొని ఎవరు కూర్చుని చూస్తారు?

పైగా ముక్కలు కనపడే పెద్ద పోటీలు గంటల తరబడి యూట్యూబ్‌లో ఉచితంగానే ఉన్నాయి. డబ్బు తీసుకుని చూపించే పోకర్‌గో లాంటివాళ్లు 2017 నుంచి ఉన్నారు, వాళ్లు లాస్ వేగస్ పోటీని హక్కులు తీసుకునే చూపించారు. మీ చేతిలో ఏముంది? ‘నిర్వాహకులకు ఇచ్చేది’ అని ఒక పద్దు రాశారు. దానికి కాగితం ఉందా? కేసినో యాజమాన్యం, నిర్వాహకుడు, ఆటగాళ్లు ముగ్గురూ ఒప్పుకుని సంతకం పెట్టాలి. బావమరిది ఫోన్‌లో చెప్పింది హక్కు కాదు.

చట్టం మాట ఒక్కటే చెప్తాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్‌ను మన రాష్ట్రం 2020లోనే ఆపింది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం దేశమంతటా ఆపింది, వాటి ప్రకటనలు కూడా నేరమే. వీడియో అమ్మడం ఆడటం కాదు, ఒప్పుకుంటాను. కానీ పోకర్ వీడియోలకు స్పాన్సర్లుగా డబ్బు పోసింది ఆ సైట్లే. వాళ్లు పోయాక ఇక్కడ మిగిలిన గిరాకీ ఎంతో మీరే ఊహించండి.

మీ ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది, పైన అచ్చులో స్థలం లేక తీసేశాం: ‘కస్టమర్లు గొడవపడి మరీ రా డేటా, అంటే ఎడిట్ చెయ్యని వీడియో, అడిగి తీసుకుంటారు, ఒక్కరూ తెరిచి చూడరు.’ మా అన్న కూతురి పెళ్లి రా డేటా హార్డ్ డిస్కు 2019 నుంచి బీరువాలో పట్టుచీరల కింద ఉంది. దానికి అంటించిన తెల్ల ప్లాస్టరు మీద ముహూర్తం టైముతో సహా రాసి ఉంది. దాన్ని కంప్యూటరుకు తగిలించినవాళ్లు లేరు. సొంత పెళ్లికే ఆ గతి పడితే ఊరూపేరూ తెలియని వాళ్ల పేకాటకు పట్టే గతి మీకు నేను చెప్పాలా?

ఇవన్నీ పక్కన పెట్టినా మీకు ‘వద్దు’ అనే చెప్తాను. కారణం ఆ 60 వేలు. మీ చేతిలో ఉన్నది రెండు నెలల ఖర్చు కూడా కాదు. జీతగాడికి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలంటాం. మీకు తొమ్మిది నెలలు కావాలి, అంటే 3 లక్షల 6 వేలు. ఎందుకంటే మీ ఆదాయం పంచాంగం చేతిలో ఉంది. ఆషాఢం ఒకటి, మూఢం వస్తే రెండు మూడు నెలలు తాళం. పైగా మన జిల్లాలో కార్తీకం ముహూర్తాలూ తుపాన్లూ ఒకేసారి వస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ దెబ్బతిన్న వారం గుర్తుందా? అప్పుడు కోవూరు నుంచి మీలాంటి స్టూడియో ఆయనే నా దగ్గరికొచ్చాడు. కెమెరాలోకి నీళ్లు పోయాయి, మూడు పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, చేతిలో 11 వేలు. బాగుచేయించడానికి అప్పు, ఆ అప్పు వడ్డీకి చీటీ పాట నష్టానికి పాడుకోవడం. ఆయనకు పని రాక కాదు, పక్కన మూడు లక్షలు లేక రెండేళ్లు వెనకబడ్డాడు. నా దగ్గరికి వచ్చే సొంత పనివాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే, అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను. సీజన్ డబ్బు చేతిలో ఆడుతుంటే అదే పొదుపు అనుకుంటారు.

ఈ సీజన్‌లో 80 వేలు వచ్చిన ప్రతి నెలా 35 వేలు వేరే బ్యాంకు ఖాతాలో వేయండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి. లక్ష దాటాక మిగతాది చిన్న చిన్న ఎఫ్‌డీలు చేయండి. ఒక్కసారి ఒకటి పగలగొడితే సరిపోయేలా. 3 లక్షలు నిండేదాకా కొత్త లెన్సు కూడా వద్దు.

నాన్నగారికి షుగర్ అని రాశారు, ఆరోగ్య బీమా మాట లేదు. ముందున్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనే పాలసీలుంటాయి కాబట్టి ఈ నెలే తీసుకుంటే ఆ గడువు ఈ నెలే మొదలవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ కూడా లేదు. మీ పేరున కోటి రూపాయల టర్మ్ పాలసీ కూడా తీసుకోండి. వీడియో మీదే సంపాదించాలనుంటే బయట స్టూడియోల పెళ్లి వీడియోలు ఎడిట్ చేసిపెట్టే పని చూడండి, దానికి పెట్టుబడి మీ దగ్గరున్న కంప్యూటరే.

ప్రోనోటు మీద సంతకం పెట్టలేదనుకుంటాను. పెట్టకండి. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి. 20 వేలు మర్యాదగా ఒకసారి అడగండి, బావమరిది కాబట్టి రెండోసారి కూడా అడగండి. రాకపోతే వదిలేయండి. ఆ 20 వేలు దండగవుతాయని మిగతా 6 లక్షల 80 వేలు మాత్రం పంపకండి.