గే అని బయటికి చెప్పి స్ట్రాంగ్‌మ్యాన్ పోటీల్లో పైకి రావచ్చా? రాబ్ కియర్నీ లాగ్ లిఫ్ట్ చూడండి

మీరు రెండు విషయాలు అడిగారు. గే అని అందరికీ తెలిశాక ప్రొఫెషనల్ స్ట్రాంగ్‌మ్యాన్‌గా (భారీ బరువులు ఎత్తే, మోసే పోటీల ఆటగాడిగా) ఎదిగినవాళ్లు ఉన్నారా అన్నది ఒకటి. 5 అడుగుల 10 అంగుళాల ఎత్తుతో ఆ ఆటలో నెగ్గుకురాగలమా అన్నది రెండోది. రెండిటికీ అమెరికన్ రాబ్ కియర్నీయే జవాబు. ఎత్తులో ఆయనా మీలాంటివాడే.

ఆయన 2014లోనే, ఇంకా పెద్ద పేరు రాకముందే, తాను గే అని బహిరంగంగా చెప్పాడు. రంగులద్దిన మోహాక్ జుట్టుతో, రంగురంగుల లెగ్గింగ్స్‌తో పోటీలకు వచ్చేవాడు. 2019లో ఆస్ట్రేలియాలో ఆర్నాల్డ్ అనే పెద్ద స్ట్రాంగ్‌మ్యాన్ పోటీ గెలిచాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో 471 పౌండ్ల లాగ్ (దుంగ ఆకారంలో, లోపల చేతిపిడులుండే బరువు), అంటే దాదాపు 213.6 కిలోలు, తలపైకి ఎత్తి అమెరికన్ రికార్డు పెట్టాడు.

ఈ ఆటలో ఒక మేలుంది. బరువు లేచిందా, ఎన్నిసార్లు లేచింది, ఎంత సేపట్లో అన్నదే లెక్క. అందానికీ హావభావాలకీ మార్కులుండవు. కాకపోతే పెద్ద పోటీలకు పిలుపు రావాలి, స్పాన్సర్ దొరకాలి. ఈ రెండూ మనుషుల చేతిలో ఉంటాయి. అందుకే అందరికంటే బాగా చేయగల ఈవెంట్ ఒకటి మీ చేతిలో ఉండాలి. కియర్నీకి అది లాగ్.

ఈ ఆటలో 5 అడుగుల 10 అంగుళాలంటే పొట్టే. పొట్టివాళ్లకు లాగ్ ఎందుకు కలిసొస్తుందంటే, చేతులు పొట్టిగా ఉంటే బరువు ప్రయాణించే దూరం తగ్గుతుంది. రాళ్లను ఎత్తైన దిమ్మె మీద పెట్టే ఈవెంట్‌లో ఇదే తలకిందులై, 6 అడుగుల 8 అంగుళాల అమెరికన్ స్ట్రాంగ్‌మ్యాన్ బ్రయన్ షా లాంటివాళ్లకు లాభమవుతుంది.

చాలామంది లాగ్‌ను భుజాల బలంతో నెడతారు. కియర్నీ వెయిట్‌లిఫ్టర్లలా స్ప్లిట్ జెర్క్ చేసేవాడు, అంటే కాళ్లతో బరువును పైకి తోసి, ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి వేసి దాని కిందికి వెళ్లేవాడు. బార్‌బెల్‌ జెర్క్ వచ్చినవాళ్లకు కూడా ఇది వెంటనే రాదు. 12 అంగుళాల లాగ్ అంటే దాని మధ్యభాగం ఛాతీకి 6 అంగుళాల ముందుంటుంది, బరువు ఎప్పుడూ మిమ్మల్ని ముందుకే లాగుతుంది. ముందు లాగ్‌ను ఒళ్లోకి తెచ్చుకుని గట్టిగా హత్తుకోండి. తుంటిని విసురుగా ముందుకు తోస్తూ దాన్ని పొట్ట మీంచి ఛాతీ పైకి దొర్లించండి. మోచేతులు పైకెత్తి ఉంచండి, అవి దిగితే లాగ్ జారుతుంది. తర్వాతి డిప్, అంటే మోకాళ్లు వంచి కిందికి దిగడం, మూడు నాలుగు అంగుళాలు చాలు. మడమలు నేల మీదే ఉండాలి, నడుము నిటారుగా దిగాలి. మడమ లేచిందంటే లాగ్ ముందుకు పడిపోయినట్టే. కాళ్లతో తోసిన క్షణంలోనే తల వెనక్కి తీయండి. లేకపోతే లాగ్ గడ్డానికి తగులుతుంది, లేదా దాన్ని తప్పించుకోబోయి లాగ్‌ను ముందుకు తోసేస్తారు. అప్పుడు ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి వేసి దాని కిందికి వెళ్లాలి.

ఎక్కువ లిఫ్టులు పాడయ్యేది ఇక్కడే. ముందుకాలు పొట్టిగా వేస్తే మోచేతులు పూర్తిగా బిగుసుకోవు, మిగిలింది ట్రైసెప్స్‌తో (పై చేయి వెనక కండరాలతో) నెట్టాల్సి వస్తుంది. అలసిన ట్రైసెప్స్ మీద అంత బరువు పడితే స్నాయువు తెగే ప్రమాదం ఉంది. బిగించాక ముందుకాలు సగం వెనక్కి, ఆ తర్వాత వెనకకాలు ముందుకు తెచ్చి, పాదాలు ఒకే వరసలో పెట్టి, రిఫరీ 'డౌన్' అనేదాకా ఆగండి. తొందరపడి దించితే ఆ లిఫ్ట్ చెల్లదు.

మొదటి ఆరు వారాలు మీరు కాళ్ల సాయం లేకుండా నెట్టగల బరువులో 60 నుంచి 70 శాతంతో, సెట్‌కు రెండేసి చొప్పున ఐదారు సెట్లు, కాళ్లు పడే తీరు చూసుకుంటూ చేయండి. నేల మీద సుద్దతో గీతలు గీసుకుంటే ప్రతిసారీ కాలు ఎంత దూరం పడిందో కళ్లకు కనబడుతుంది.

మన దగ్గర ఎవరూ లేరా అనుకోకండి. హైదరాబాద్‌లో శిక్షణ పొందిన ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్ 2019 మేలో తనకు ఒక అమ్మాయితో బంధం ఉందని బహిరంగంగా చెప్పింది. స్వలింగ సంబంధాలు నేరం కాదని సుప్రీంకోర్టు సెక్షన్ 377 మీద తీర్పు ఇచ్చి అప్పటికి ఎనిమిది నెలలే. అదే ఏడాది జులైలో నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో 100 మీటర్ల స్వర్ణం గెలిచింది.