లెమాంట్‌లో ఇల్లు కొన్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

అల్లుడు పంపిన ఇంటి ఫొటోలు చూశాం. మీ పెద్దమ్మకి వంటిల్లు నచ్చింది, నాకు వెనకాల చెట్లు నచ్చాయి. "రాముడి గుడి దగ్గర్లోనే ఉంది, ఇక ఊరితో పనేముంది పెదనాన్నా" అన్నావు చూడు ఫోన్లో, దాని గురించే ఈ ఉత్తరం. మేము డాలస్‌కి మారి చాలా కాలమైనా, షికాగో దగ్గరున్న మీ లెమాంట్ అంటే నాకు ఇంకా మనసు లాగుతుంది. మనవాళ్లు చాలామంది అక్కడ ఏళ్లతరబడి ఉండి కూడా ఇల్లు, ఆఫీసు, గుడి, కాస్ట్‌కో దాటి ఏమీ ఎరగరు. నువ్వు అలా ఉండొద్దు.

మంచు పడకముందే ఒక శనివారం ఇద్దరూ డౌన్‌టౌన్‌లో నడవండి. లేత పసుపు రాయితో కట్టిన పాత భవనాలు కనిపిస్తాయి, రైల్వే స్టేషన్‌తో సహా. మిషిగన్ సరస్సు వైపు నుంచి ఇల్లినాయ్ నది దాకా 96 మైళ్ల కాలువ తవ్వడం 1836లో మొదలుపెట్టి 1848కి ముగించారు. తవ్వినవాళ్లలో ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు. ఆ తవ్వకంలోనే ఈ రాయి బయటపడింది, దానితో క్వారీలు వచ్చాయి, క్వారీలతో ఊరు పెరిగింది. షికాగోలో వాటర్ టవర్ చూశావుగా, 1871 అగ్నిప్రమాదంలో చుట్టుపక్కలంతా బూడిదైనా నిలబడింది. అదీ ఈ రాయే.

ఆ క్వారీల్లోనే 1885 మేలో కూలి తగ్గించారని పనివాళ్లు సమ్మె కట్టారు. గవర్నరు మిలీషియాని, అంటే రాష్ట్ర సైనిక దళాన్ని, పంపించాడు, కాల్పులు జరిగాయి, మనుషులు పోయారు. సరిగ్గా ఏడాదికి, కార్మికుల సభలో బాంబు పేలిన షికాగో హేమార్కెట్ ఘటన. మేడే పేరు చెబితే మన తెలుగువాళ్లకి హేమార్కెట్ గుర్తొస్తుంది, మన గుడి కింద లోయలో జరిగింది మాత్రం ఎవరికీ తెలియదు. ఇప్పుడా పాత క్వారీల్లో నీళ్లు నిలిచి చెరువులయ్యాయి, చుట్టూ నడిచే దారులు వేశారు. సాయంత్రాలు బాగుంటుంది. సాగ్ బ్రిడ్జ్ దగ్గర సెయింట్ జేమ్స్ చర్చి కూడా అదే రాయి. కాలువ తవ్విన ఐరిష్ వాళ్ల సమాధులు ఆ గుట్ట మీదే ఉన్నాయి. సంక్రాంతి, ఉగాది అని ఊరంతా చుట్టేవాళ్లం, అక్కడికి ఒక్కసారి వెళ్లడానికి మనకి అభ్యంతరం ఏముంది?

రాముడి గుడికి ప్రతిష్ఠ జరిగింది 1986లో. ఆ తర్వాత కొద్దికాలానికే లిథువేనియా వాళ్లు ఒక పాత సెమినరీ (క్రైస్తవ గురువుల్ని తయారుచేసే బడి) కొనుక్కుని పెద్ద కేంద్రం పెట్టుకున్నారు. అక్కడ వాళ్ల పిల్లలకి శనివారం భాష నేర్పే బడి ఉంది. మన తెలుగు క్లాసులు ఎలా నడుస్తాయో నీకూ తెలుసు. పిల్లలకి పన్నెండేళ్లు వచ్చేసరికి బెంచీలు ఖాళీ. వెళ్లి వాళ్లనే అడుగు, పెద్ద పిల్లల్ని ఎలా నిలుపుకుంటున్నారో. మనం మనలో మనమే కమిటీలు వేసుకుని తల బాదుకోవడం కన్నా అది మేలు.

ఇక డబ్బు సంగతి. ఇల్లినాయ్‌లో ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు చూస్తే టెన్షన్ వస్తుంది, కానీ ఊరు ఎలా నడుస్తుందో చెప్పే కాగితం అదే. విలేజ్, టౌన్‌షిప్ (కౌంటీలో ఒక భాగం, మన మండలం లాంటిది), లైబ్రరీ, పార్క్ డిస్ట్రిక్ట్, చిన్న పిల్లల స్కూళ్లకి ఒక డిస్ట్రిక్ట్, హైస్కూలుకి ఇంకొకటి, ప్రతిదానికీ విడిగా ఒక బోర్డు, విడిగా ఒక వాటా. ఊరు చాలా మటుకు కుక్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉన్నా, అంచులు డూపేజ్‌లోకీ విల్‌లోకీ పోతాయి. మీ ఇల్లు ఎందులో పడిందో ముందు చూసుకో. కుక్‌లో మొదటి వాయిదా కిందటేడు మొత్తంలో 55 శాతం, సాధారణంగా మార్చిలో కట్టాలి. రెండోది ఆగస్టు అంటారు గానీ ఈమధ్య ఆలస్యమవుతోంది. డూపేజ్‌లో జూన్, సెప్టెంబరు. కుక్ అయితే, ఇంటి విలువ ఎక్కువ కట్టారనిపిస్తే అప్పీల్ చేసుకోవచ్చు, మీ సొంతింటికి లాయరు అక్కర్లేదు. టౌన్‌షిప్‌కో గడువు ఉంటుంది, అది దాటనివ్వకు.

ఆ బోర్డుల మీటింగులు అందరికీ తెరిచే ఉంటాయి. నెలకి ఒకటైనా వెళ్లు. మాట్లాడనక్కర్లేదు, వెనక కూర్చుని విను. డ్రైనేజీ, కొత్త లేఅవుట్, స్కూలు బడ్జెట్టు, చాలా భాగం బోరే. కానీ ఎవరు ఏ పని చూస్తారో తెలుస్తుంది, నీ మొహం వాళ్లకి గుర్తుంటుంది. పండగల రోజుల్లో గుడి దగ్గర కార్ల గురించి ఎవరైనా ఫిర్యాదు చేశారనుకో, పరిచయం ఉన్న మనిషి చెప్పే మాటకీ, కొత్తగా వచ్చి కోపంగా చెప్పే మాటకీ చాలా తేడా. లైబ్రరీలో వాలంటీరుగా చేరినా మంచిదే.

ఓటు విషయం జాగ్రత్త. ఈ ఊరి ఎన్నికలు బేసి సంవత్సరాల్లో ఏప్రిల్‌లో జరుగుతాయి, కొద్ది ఓట్లతోనే తేలిపోతాయి. కానీ సిటిజెన్‌షిప్ రానిదే మీకు ఓటు లేదు, గ్రీన్‌కార్డు ఉన్నా సరే. డ్రైవింగ్ లైసెన్సు కౌంటరులో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే వద్దని గట్టిగా చెప్పండి, సంతకం పెట్టేముందు ఫారం చదవండి. పొరపాటున పేరు ఎక్కినా రేపు ఇమిగ్రేషన్‌లో తలనొప్పి. ఇది అల్లుడికి రెండుసార్లు చెప్పు, అతను చదవకుండా సంతకం పెట్టే రకం.

పక్కింటి వాళ్లని మీరే ముందు పలకరించండి, వాళ్లు వస్తారని చూడొద్దు. పులిహోర అందరికీ నచ్చుతుంది, కారం తగ్గించి చెయ్యి.

సొంతింట్లో ఉండేవాళ్లకి పన్నులో హోమ్‌ఓనర్ ఎగ్జెంప్షన్ అని కొంత మినహాయింపు ఉంటుంది. కొత్తగా కొన్నవాళ్లు దానికి అప్లై చేసుకోవాలి. మూవింగ్ డబ్బాలు విప్పడం పూర్తి కాకపోయినా ఆ ఫారం వెతికి పంపించు.

ఇట్లు,
మీ పెదనాన్న