చిన్నీకి, ఆ త్రికోణం మఫ్లర్ గురించి

చిన్నీ,

నీ వాయిస్ మెసేజ్ రెండు సార్లు విన్నాను, మొదటిసారి నవ్వొచ్చి సగం వినపడలేదు. 40 కుట్లతో మొదలెట్టిన మఫ్లర్ పైకొచ్చేసరికి 31 అయిందా, ఆ ఫోటో చూస్తే అది మఫ్లర్ కాదే, జెండా. ఏం బాధపడకు, నేను మొట్టమొదట అల్లింది టేబుల్ మీద పరవడానికని మొదలెడితే చివరికి కూజా మీద టోపీలా కూర్చుంది. అయితే కింద నువ్వు పెట్టిన గిఫ్టుల లిస్టు చూశాక మాత్రం నవ్వు ఆగిపోయింది. ఆరు కోస్టర్లు, ఒక కుందేలు బొమ్మ, గోడకి హ్యాంగింగ్, అన్నీ రెండు వారాల్లో, క్రోషే అంటే ఒక్క కొక్కెం సూదితో అల్లే పనే, ఆ హుక్ పట్టుకుని నెల కూడా కాలేదు కదమ్మా నువ్వు. ఫోన్లో చెప్తే ఊఁ ఊఁ అంటావు గానీ ఒక్కటీ గుర్తుండదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు ఆ జెండా సంగతి. డబుల్ క్రోషే, అదే ఆ పొడుగు కుట్టు, అల్లుతున్నావు కదా, వరస తిప్పగానే మూడు చైన్లు (గొలుసులా ఒకదాంట్లోంచి ఒకటి లాగే లూపులు) వేస్తావు, ఆ మూడు చైన్లే ఆ వరసలో మొదటి కుట్టు కింద లెక్క. వచ్చిన చిక్కేంటంటే అది చూడ్డానికి కుట్టులా ఉండదు, అంచున సన్నగా వేలాడుతూ ఉంటుంది, అందుకని తర్వాత వరస చివరికొచ్చినప్పుడు దాన్ని వదిలేసి తిప్పేస్తాం. వరసకో కుట్టు పోతుంది. నువ్వు పది వరసలు అల్లుంటావు, మొదటి వరసలో 40, తర్వాత తొమ్మిది వరసల్లో తొమ్మిది పోతే 31, లెక్క సరిపోయింది చూడు. పైగా ప్రతి వరసకీ తిప్పుతాం కాబట్టి ఒకసారి ఇటు ఒకసారి అటు తగ్గుతూ పోయింది, అందుకే అంత చక్కగా జెండా అయ్యింది. దీనికి నేను చేసేది ఒకటే, మూడో చైన్ వెయ్యగానే దాంట్లో ఓ చిన్న పిన్నీసు గుచ్చేస్తా, తిరిగి అక్కడికొచ్చినప్పుడు పిన్నీసు తీసి సరిగ్గా అదే చోట ఆఖరి కుట్టు వేస్తా. ఇన్నేళ్ళయినా ఇప్పటికీ గుచ్చుతా, సిగ్గేం లేదు. వరస చివర ఒకసారి లెక్కపెట్టుకో కూడా, కనీసం మొదటి పది పదిహేను వరసలు.

అంతా విప్పెయ్యాలా పెద్దమ్మా అని అంత దిగులుగా అడిగావు. విప్పెయ్. నిజానికి ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. రెండు పుల్లలతో స్వెట్టర్ అల్లేవాళ్ళకి ఒకేసారి నలభై యాభై లూపులు పుల్ల మీద ప్రాణాలతో ఉంటాయి, ఒకటి జారితే కిందిదాకా ఊడుకుంటూ పోతుంది. మనకి ఎప్పుడు చూసినా బతికున్న లూప్ ఒక్కటే. దాంట్లోంచి హుక్ తీసి దారం లాగితే సర్రున వచ్చేస్తుంది, తప్పు జరిగిన చోట ఆగి, ఆ లూప్‌లో మళ్ళీ హుక్ పెట్టి, ఏం జరగనట్టు అల్లుకుంటూ పోవచ్చు. నాకు కొత్తలో ఇది తెలీక తప్పుల్ని దాచేదాన్ని, ఒక కుట్టు తక్కువైతే పక్కదాంట్లో రెండు వేసి సర్దేదాన్ని, ఎవరికీ కనపడదులే అని. అందరికీ కనపడేది. విప్పిన ఊలు ఉంగరాలు తిరిగి ఉంటుంది, దాన్ని చుట్టలా కట్టి తడిపి ఆరేస్తే సాఫ్ అవుతుంది, పారెయ్యకు.

విప్పడం ఈజీగా ఉండాలంటే ఊలు కూడా దానికి తగ్గది ఉండాలి. నూగు నూగుగా మెత్తగా బొచ్చు బొచ్చుగా ఉండేది చూసి ముచ్చటపడతావు, తెలుసు నాకు, అది కొనకు, ఒకదానికొకటి చిక్కుకుపోయి విప్పితే ఏడిపిస్తుంది. నలుపు, ముదురు నీలం కూడా ఇప్పుడే వద్దు, కుట్టు ఎక్కడుందో కంటికి ఆనదు. లేత రంగు, నున్నటి ఊలు, మరీ సన్నం కాకుండా మరీ లావు కాకుండా, 4 లేదా 5 మిల్లీమీటర్ల హుక్. హుక్కుల మీద అక్షరాలు, నంబర్లు రకరకాలుగా ఉంటాయి, వాటి జోలికి పోకుండా మిల్లీమీటర్లే చూడు. లేసు దారం అల్లే సన్న స్టీల్ హుక్కులకైతే అమెరికా నంబర్లలో నంబర్ పెరిగే కొద్దీ హుక్ సన్నబడుతుంది, దారం నంబరూ అంతే, 10 కంటే 20 సన్నం, ఇది తెలీక నేను ఒకసారి వెంట్రుకలాంటి దారం తెచ్చుకుని రెండు రోజులు కళ్ళు నులుముకున్నాను.

కోస్టర్లకి మాత్రం కాటనే. ఆక్రిలిక్ అనే సింథటిక్ ఊలు వేడికి కరిగిపోయే రకం, వేడి గిన్నె కింద పెట్టే దానికి అది పనికిరాదు, నీళ్ళు కూడా పీల్చదు. కాటన్‌లో మెర్సరైజ్డ్ అని రాసున్నది కాస్త మెరుస్తూ ఉంటుంది, 1844లో జాన్ మెర్సర్ అనే ఆయన కాటన్‌ని కాస్టిక్ సోడాలో ముంచి చూసి కనిపెట్టిన పద్ధతి అది, ఆయన పేరే దానికుండిపోయింది. గోడకి తగిలించే వాటికి ఆ మెరుపు బావుంటుంది, కప్పు కింద పెట్టే వాటికి మామూలు కాటనే మేలు, తడి బాగా లాగుతుంది. ఇంకోటి, ఎంత కావాలో అంతా ఒకేసారి కొను, లేబుల్ మీద లాట్ నంబర్ ఒకటే ఉందో లేదో చూసి. ఒకే రంగు పేరున్నా లాట్ మారితే ఛాయ మారుతుంది, దుకాణంలో తేడా తెలీదు, అల్లాక అతుకేసినట్టు తెలుస్తుంది.

నువ్వు చూసి అల్లే ప్యాటర్న్ అమెరికాదా బ్రిటన్‌దా అనేది ముందే చూసుకో. అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటన్ వాళ్ళు డబుల్ క్రోషే అంటారు, అమెరికా డబుల్ బ్రిటన్ వాళ్ళకి ట్రెబుల్. నేను ఇక్కడ రాసేవన్నీ అమెరికా లెక్కే. సింగిల్ అనే మాట ఎక్కడైనా కనిపించిందంటే అది అమెరికా లెక్క అని తీసుకో, బ్రిటన్ లెక్కలో ఆ మాటే లేదు.

ఇక కోస్టర్. గుండ్రంగా, బల్ల మీద పెడితే పీటలా కూర్చోవాలంటే అదంతా లెక్కే. సింగిల్ క్రోషే, అంటే పొట్టి కుట్టు అయితే మ్యాజిక్ రింగ్‌లో (లాగితే బిగుసుకునే దారపు ఉంగరం) 6 కుట్లతో మొదలెట్టి రౌండుకి 6 పెంచుకుంటూ పో, 6, 12, 18, 24, 30 అలా. డబుల్ క్రోషే అయితే 12తో మొదలై రౌండుకి 12. ఎందుకంటే కుట్టు పొడుగైతే ఆ రౌండు మధ్యనుంచి ఇంకా దూరం వెళ్తుంది, చుట్టుకొలత ఎక్కువ కావాలి, కుట్లూ ఎక్కువ కావాలి. పెంచడం తక్కువైతే గిన్నెలా ముడుచుకుంటుంది (నా కూజా టోపీ అదే), ఎక్కువైతే కుచ్చిళ్ళలా లేస్తుంది. ఆ కుచ్చిళ్ళు కూడా ఉత్తినే పోలేదులే, 1997లో డైనా తైమినా అనే లెక్కల ప్రొఫెసర్ కావాలనే కుట్లు పెంచుకుంటూ పోయి, హైపర్బోలిక్ తలం అని, ప్రతి చోటా గుర్రపు జీనులా వంగి ఉండే తలం, కాగితం మీద చూపించడానికి నానా తంటాలు పడే దాన్ని క్రోషేతో అల్లి స్టూడెంట్ల చేతికిచ్చింది. కాబట్టి నీ కోస్టర్ కుచ్చిళ్ళు పోయిందనుకో, జామెట్రీ అని చెప్పుకో, తర్వాత విప్పెయ్.

ఇక్కడో చిన్న కిటుకు. ప్రతి రౌండులో పెంచే కుట్లు ఒకదాని మీద ఒకటి పడితే గుండ్రం కాస్తా ఆరు మూలలుగా తేలుతుంది. ఒక రౌండులో నాలుగు మామూలు కుట్లు ఒక పెంపు (ఒకే కుట్టులో రెండు) అనుకో, తర్వాత రౌండులో ఐదు మామూలువి ఒక పెంపు కదా, ఆ ఐదిట్లో రెండు ముందు వేసి అప్పుడు పెంపు మొదలుపెట్టు, మిగతా మూడూ చివర్లో వస్తాయి. లెక్క అదే, మూలలు మాత్రం మాయం.

అన్నీ కరెక్టుగా లెక్కపెట్టినా ముడుచుకుంటోందంటే చెయ్యి బిగిసిందన్నమాట. నీ వీడియోలో చూశాను, హుక్ మెడ దగ్గర, ఆ సన్నగా ఉన్న చోట లూప్ కూర్చోబెట్టి బిగిస్తున్నావు. లూప్ కొలత రావాల్సింది హుక్ లావుగా ఉండే మధ్య భాగం మీద, అక్కడిదాకా జరిపి అప్పుడు తర్వాత కుట్టు వెయ్యి. దారం ఎడమ చేతి చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి చూపుడు వేలి మీదుగా వదులు, లాగేది హుక్కు కాదు, వదిలేది వేలు. భుజాలు చెవుల దాకా లేపుకుని కూర్చుంటున్నావు, అరగంటకోసారి లేచి చేతులు విదిలించు, మణికట్టు పట్టేస్తే నెల రోజులు హుక్ ముట్టుకోలేవు.

కుందేలు బొమ్మ గురించి రెండు మాటలే. బంతి లెక్క కూడా పైదే, 36 దాకా పెంచి, కొన్ని రౌండ్లు పెంచకుండా అల్లి, మళ్ళీ 6 చొప్పున తగ్గించుకుంటూ రావడమే. లేబుల్ మీద చెప్పిన హుక్ కంటే ఓ సైజు చిన్నది వాడు, లేకపోతే కుట్ల మధ్యలోంచి లోపలి దూది తొంగి చూస్తుంది. ఇచ్చేది చిన్న పిల్లలున్న ఇంటికైతే ప్లాస్టిక్ కళ్ళు, గుండీలు పెట్టకు, సేఫ్టీ ఐస్ అని పేరున్నా సరే, మూడేళ్ళ లోపు పిల్లలు లాగి నోట్లో పెట్టుకుంటారు, నల్ల దారంతో కళ్ళు కుట్టెయ్యి, అందంగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఒక్క లూప్ మీద నిలబడుతుంది కాబట్టి విప్పడం తేలిక అన్నాను కదా, అదే గుణం గిఫ్ట్ ఇచ్చాక మనకే ఎదురు తిరుగుతుంది. చాలా ఏళ్ళ క్రితం ఒకావిడకి గుండ్రటి టేబుల్ మ్యాట్ అల్లిచ్చాను, పదహారు రౌండ్లు, చుట్టూ గవ్వల ఆకారం కుట్లతో అంచు, అబ్బో ఎంత మురిసిపోయానో. ఆఖర్న ఒక ముడి వేసి దారం కొస ముడి దగ్గరికి కత్తిరించేశాను, కొస వేలాడుతుంటే బాగోదని. రెండు ఉతుకులకి ఆ ముడి జారింది. ఆవిడ పాపం ఏదో దారం వేలాడుతోందని లాగింది, గవ్వలన్నీ పోయి, ఇంకా లాగితే ఇంకా వచ్చింది, చివరికి సగం మ్యాట్, సగం దారం ఒక కవర్లో పెట్టి తెచ్చిచ్చింది, తప్పు తనదే అన్నట్టు మొహం పెట్టి. ఆ రోజు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీలేదు.

అప్పట్నుంచి కొసలు కనీసం 15 సెంటీమీటర్లు ఉంచకుండా కత్తెర ముట్టుకోను. మొద్దు మొన ఉన్న పెద్ద కన్ను సూదిలోకి కొస ఎక్కించి, వెనక వైపు కుట్ల లోపల్నుంచి నాలుగైదు సెంటీమీటర్లు పోనిచ్చి, అక్కడ ఒక్క పోగు దాటేసి అదే దారిన వెనక్కి రా, ఇంకోసారి ముందుకి వెళ్ళు. ఆ దాటేసిన పోగే తాళం, అది లేకుండా వెనక్కి వస్తే వెళ్ళిన దారినే బయటికొచ్చేస్తుంది. తర్వాత అటూ ఇటూ బాగా సాగదీసి, అప్పుడు కత్తిరించు. రంగు మార్చిన ప్రతి చోటా రెండు కొసలు, అన్నిటికీ ఇలాగే. విసుగు పనే, కాదనను, నేను ప్రతి రెండు రౌండ్లకోసారి అప్పటికప్పుడు దాచేస్తా, అన్నీ చివరికి పెట్టుకుంటే ఇరవై కొసలు చూసి నీరసం వస్తుంది, అప్పుడే ముళ్ళేసి కత్తిరించేస్తాం.

ఆ తర్వాత తడిపి ఆరబెట్టడం, బ్లాకింగ్ అంటారు. చల్లని నీళ్ళలో ముంచు, పిండకుండా టవల్లో చుట్టి నొక్కు, దళసరి టవల్ మీద పరిచి కావలసిన సైజుకి లాగి తుప్పు పట్టని గుండుసూదులు గుచ్చి పూర్తిగా ఆరనివ్వు. వంకర టింకరగా ఉన్నది కూడా సగం తీరుకి వచ్చేస్తుంది. హ్యాంగింగ్‌లో నక్షత్రాలు, పువ్వులు పెడతానన్నావు కదా, అవి వాలిపోకుండా ఉండాలంటే గంజి పెట్టి ఆరబెట్టు, లేదా తెల్ల జిగురు సగం నీళ్ళు సగం కలిపి ముంచు. ఎరుపూ తెలుపూ కలిపి అల్లాలనుకుంటే ముందు ఎర్ర దారం ముక్క ఒకటి తడి తెల్ల గుడ్డలో చుట్టి చూడు, రంగు దిగితే ఆ రెండూ పక్కపక్కన పెట్టకు. ఆక్రిలిక్‌ మీద ఇస్త్రీ పెట్టె ఆనించకు, చచ్చుబడి వేలాడిపోతుంది, మళ్ళీ బతికించలేం.

ఇక నీ లిస్టు. ఒక కోస్టర్ అల్లి టైం చూసుకో, కొసలు దాచడంతో సహా. నీకు ఇప్పుడు గంటన్నర పడుతుందనుకుందాం, ఆరు అంటే తొమ్మిది గంటలు, మధ్యలో విప్పేవి కలిపితే పదమూడు పద్నాలుగు. రోజుకి గంట కూర్చుంటే రెండు వారాలు దానికే అయిపోయాయి. కాబట్టి కోస్టర్లు మాత్రమే చెయ్యి, ఆరు కాకపోతే నాలుగు చాలు, నాలుగూ ఒకే సైజు వచ్చేలా ఒకే హుక్‌తో, మొదటిది పక్కన పెట్టుకుని కొలుచుకుంటూ. కుందేలు వచ్చే ఏడాదికి. ఇచ్చేటప్పుడు చిన్న చీటీ మీద కాటన్, చల్లని నీళ్ళలో చేత్తో ఉతకాలి, పరిచి ఆరబెట్టాలి అని రాసి పెట్టు, లేకపోతే వాషింగ్ మెషీన్లో వేసేస్తారు, వాళ్ళకేం తెలుసు.

మఫ్లర్ ఈ రాత్రికే విప్పి ఉండ చుట్టేసెయ్. మొదటి కోస్టర్ అవ్వగానే ఫోటో పెట్టు, ముందు వైపు నాకొద్దు, వెనక వైపు తీసి పెట్టు, కొసలు ఎలా దాచావో చూస్తా.

మీ పెద్దమ్మ